సలాకలు లెక్కపెట్టే చేతులకు ఇంట్లో ఇనుము లెక్క ఎందుకు రాదు?

ఇయ్యాల పోస్టు ఓవర్‌టైం గురించి కాదు, పీఆర్ ఫైళ్ళ గురించి కాదు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళ రక్తం గురించి. "అట్లయితే మా ఇంటామెకు పంపుతా అన్నా" అని ముందే ఫార్వర్డ్ బటన్ మీద వేలు పెట్టేటోళ్ళు జెర ఆగండి. ఇది ఆమెకు కాదు, మీకే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది ఆమెకు తెలుసు. తెలియంది మనకు. తెలిసినా పట్టనిది మనకు.

నేను డాక్టర్ను కాదు. పదో తరగతి పాసై, జగిత్యాల దిక్కు నుంచి దుబాయ్ పోయి, అక్కడి నుంచి ఈ బర్నబీకి వచ్చి పడ్డోణ్ణి. ఇరవై ఏండ్లకు పైగా సలాకలు, సెంట్రింగ్, స్లాబులు, ఇదే నా చదువు. ఇద్దరు పిల్లల తండ్రిని. రెండు కాన్పులప్పుడూ డాక్టర్ ముందు కుర్చీలో కూసుని, సిగ్గుపడకుండా అడిగి తెలుసుకున్న ముచ్చట్లు ఇవి. ఎవరికైనా అనుమానం ఉంటే మీ డాక్టర్నే అడగండి, నాతోని కొట్లాడకండి.

పోయిన నెల బ్రెంట్‌వుడ్ దిక్కు సైటులో అన్నం తినేటప్పుడు ఒక తమ్ముడు ఫోన్ తీసి చూపించిండు. "అన్నా, మా ఆమె రక్తం రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 92. మస్తుగ ఉన్నది గదా?" ఆమెకు ఏడో నెల. నూటికి 92 మార్కులు వచ్చినట్టు మురుస్తుండు పిల్లగాడు. ఆ అంకె పక్కనే తక్కువ అని గుర్తు పెట్టి ఉన్నది, చూడలేదు. సలాకల నడుమ దూరం రెండు అంగుళాలు తప్పితే డ్రాయింగ్ పట్టుకుని నాతోని లొల్లి పెట్టుకునే మనిషి అతను.

కెనడాలో హిమోగ్లోబిన్ లీటరు రక్తంలో ఎన్ని గ్రాములని రాస్తారు. మన దగ్గర డెసిలీటరుకు రాస్తారు, అంటే లీటరులో పదో వంతుకు. ఇక్కడి 92 అంటే మన ఊరి 9.2. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి మొదటి మూడు నెలల్లో, చివరి మూడు నెలల్లో 110 కంటే తగ్గితే రక్తహీనత. నడిమి మూడు నెలల్లో 105 కంటే తగ్గితే రక్తహీనత. 70 కంటే కిందికి జారితే అది తీవ్రమైనదని రాసుకుంటారు. ఈ పోస్టులో ఇంకేం గుర్తుండకపోయినా ఈ ఒక్క లెక్క గుర్తుంచుకోండి. నూటికి ఇన్ని మార్కులనే లెక్క ఇక్కడ లేదు.

ఆ తమ్ముడు తర్వాత అన్న మాట ఇంకా ఘోరం. "కడుపుతో ఉన్నోళ్ళకు నీరసం మామూలే గదన్నా, మా అమ్మ కూడా అదే అంటది."

ఈ మామూలే అనే మాటతోనే నా కొట్లాట. అలసట కొంత మామూలే కావచ్చు. కానీ గుండె దడదడ కొట్టుకోవడం, నిలబడితే కళ్ళు తిరగడం, రాత్రి పడుకుంటే కాళ్ళు ఒకచోట ఆగకపోవడం, కంటి కింది రెప్ప లోపల తెల్లగా పాలిపోవడం, ఇవన్నీ మామూలే అని ఎవడు చెప్పిండు? గ్లాసులకు గ్లాసులు ఐసు ముక్కలు నమిలే ఆడవాళ్ళను నేను చూసిన. "కడుపుతో ఉన్నది గదా, కోరికలు" అని ఇంటోళ్ళు నవ్వుకుంటరు. ఊర్లో అయితే బలపాలు, పచ్చి బియ్యం, గోడ మట్టి. అది కోరిక కాకపోవచ్చు అన్నా. ఒంట్లో ఇనుము అడుగంటినప్పుడు మనిషి తిండి కానిదాన్ని తినబుద్ధి కావడం డాక్టర్లకు బాగా తెలిసిన గుర్తు. వాళ్ళు దానికి పేరు కూడా పెట్టిండ్రు. మనం నవ్వుతున్నం.

ఇప్పుడు మన భాషలో లెక్క చెప్తా. 15ఎం సలాక ఒక మీటరు 1.57 కిలోలు తూగుతుంది, మీకందరికీ తెలుసు. అంటే ఒక మిల్లీమీటరు ముక్క గ్రామున్నర. ఒక ఆడమనిషికి గర్భం మొదలు కాన్పు దాకా అదనంగా కావాల్సిన ఇనుము మొత్తం కలిపితే దాదాపు ఒక గ్రాము. బిడ్డకు, మాయకు, పెరిగే రక్తానికి, కాన్పులో పోయే రక్తానికి, అన్నిటికీ కలిపి. మిల్లీమీటరు సలాక కూడా కాదు. గ్రైండర్‌తో ఒక్క కోత కోస్తే నిప్పురవ్వలై ఎగిరిపోయేది దానికంటే ఎక్కువ. టన్నులకు టన్నులు ఇనుము దించి, ఎత్తి, కట్టే మనం ఇంట్లో ఒక్క గ్రాముకు లెక్క చెప్పలేకపోతున్నం.

మరి ఒక గ్రామే కదా, తొమ్మిదో నెలలో డబ్బా కొనిస్తే సరిపోదా అంటే సరిపోదు. పేగు ఇనుమును కొంచెం కొంచెమే తీసుకుంటుంది. నోట్లోకి పోయినదాంట్లో ఎక్కువ భాగం బయటికే పోతుంది. సలాకల లారీ యార్డులోకి వచ్చినా గేటు దగ్గర మనిషి రోజుకు నాలుగు సలాకలే లోపలికి పంపుతుంటే ఎట్లుంటదో అట్ల. అందుకే నెలల తరబడి వేసుకోవాలి, ముందే మొదలుపెట్టాలి. చివరి నెలలో 85 అని తేలితే గోలీలతో అందుకునే టైం ఉండదు. అప్పుడు నరం ద్వారా ఐరన్ ఎక్కించమని డాక్టర్ అంటే భయపడకండి, ఒప్పుకోండి. ఇక్కడా ఇస్తారు, మన దగ్గరా ఇస్తారు.

ఇంకొకటి. హిమోగ్లోబిన్ ఒక్కటి చూస్తే చాలదు. స్లాబ్ పోసేముందు ఇంజనీరు వచ్చి సలాకలు చూసి సంతకం పెడితేనే పంపు స్టార్ట్ చేస్తం. ఎందుకు? పోసిన తర్వాత లోపల ఏమున్నదో పైనుంచి కనపడదు కాబట్టి. ఒంట్లో కూడా అంతే. హిమోగ్లోబిన్ అంటే కట్టిన సలాక. యార్డులో నిల్వ ఎంతున్నదో చెప్పేది ఫెర్రిటిన్ అనే పరీక్ష. ముందు యార్డు ఖాళీ అవుతుంది, ఆ తర్వాతే కట్టుడు ఆగుతుంది. హిమోగ్లోబిన్ 115 ఉండి ఫెర్రిటిన్ 9 ఉన్న ఆడవాళ్ళు ఉంటారు. "రక్తం బాగానే ఉంది" అని ఇంటికి వస్తారు, మూడు నెలల తర్వాత కూలబడతారు. గర్భిణికి ఫెర్రిటిన్ 30 కంటే తక్కువ ఉంటే నిల్వ అడుగంటినట్టే అని చాలామంది డాక్టర్లు చూస్తారు. పేరు పెట్టి అడగండి. "ఫెర్రిటిన్ కూడా రాయండి" అనడానికి ఇంగ్లీషు గ్రామర్ అక్కర్లేదు.

ఈ పరీక్ష ఎందుకు ముఖ్యమో ఇంకో కారణం కూడా ఉన్నది. మన దేశపోళ్ళలో కొందరికి పుట్టుకతోనే థలసీమియా లక్షణం ఉంటుంది. వాళ్ళకు రక్త కణాలు చిన్నగా ఉంటాయి, హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ చూపిస్తుంది, కానీ ఇనుము కొరత ఉండకపోవచ్చు. వాళ్ళకు ఊరికే డబ్బాలు డబ్బాలు ఐరన్ పోస్తే లాభం లేదు. భార్యకు ఆ లక్షణం ఉందని తేలితే భర్త కూడా పరీక్ష చేయించుకోవాలి. "నాకెందుకు" అనకండి, ఇద్దరికీ ఉంటే బిడ్డకు పెద్ద జబ్బే రావచ్చు.

సరే, ఇది ఇక్కడ భార్యను తెచ్చుకున్నోళ్ళ సంగతి. భార్యను ఊర్లో ఉంచి ఇక్కడో గల్ఫ్‌లోనో ఉన్నోళ్ళ సంగతికి వద్దాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత. అంతకు ముందు సర్వేలో 56.6. తగ్గలేదు, ఒక పాయింట్ పెరిగింది. ఆంధ్రలో 58.8. గర్భిణులు ఒక్కళ్ళను చూస్తే తెలంగాణలో 53.2, ఆంధ్రలో 53.7. ఆర్నెల్ల నుంచి ఐదేండ్ల లోపు పిల్లలు తెలంగాణలో నూటికి 70 మంది. మగవాళ్ళది దేశం మొత్తం మీద 25 శాతం. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఆమెకు నెలనెలా రక్తం పోతుంది, కాన్పుల్లో పోతుంది, అది శరీరం తీరు, ఒప్పుకుంటా. మరి ఎక్కువ పోయేటోళ్ళకు ఎక్కువ పెట్టాలి కదా? మన ఇండ్లలో కూర గిన్నె అడుగు ఎవరికి మిగులుతుందో అందరికీ తెలుసు.

సర్కారును తిట్టుడు సులువు. నేనూ తిడతా. కానీ ఇందులో తిట్టలేను. ఐరన్ గోలీలు పంచే కార్యక్రమం మన దేశంలో 1970 నుంచి ఉన్నది, నేను పుట్టక ముందు నుంచి. ఇప్పటి లెక్క ప్రకారం గర్భిణికి రోజుకొక ఎర్ర గోలి, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్, 180 రోజులు. కాన్పు తర్వాత మళ్ళీ 180 రోజులు. పైసా ఖర్చు లేదు. తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి పెట్టి అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నరు. గోలి అక్కడే, తిన్న తర్వాత, టీచర్ ముందే మింగాలని పెట్టిండ్రు. ఎందుకట్ల పెట్టిండ్రో ఆలోచించండి. ఇంటికి పంపితే మింగుతలేరు కాబట్టి. అదే సర్వేలో దేశం మొత్తం మీద 180 రోజులు గోలీలు వేసుకున్న తల్లులు నూటికి 26 మంది. గోలి అల్మారా దాకా వస్తున్నది. అల్మారాకూ ఆమె నోటికీ నడుమ అడ్డం పడుకున్నది ఎవరు? మనమే, మన ఇంటి మాటలే.

ఏం మాటలు? "ఐరన్ గోలీలు వేసుకుంటే బిడ్డ నల్లగ పుడ్తది." ఇది ఎన్నిసార్లు విన్నరో చెప్పండి. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, గోలి నుంచి కాదు. గోలి వేసుకుంటే నల్లగా వచ్చేది మలం, అది మామూలే, భయం లేదు. ఈ మాట నమ్మేటోళ్ళే బిడ్డ తెల్లగ పుట్టాలని కుంకుమపువ్వు డబ్బీలు కొంటరు. ఇక్కడి నుంచి పోయేటోళ్ళతో పంపిస్తరు కూడా. కుంకుమపువ్వుకు వందల డాలర్లు, ఊరికే ఇచ్చే గోలి చెత్తబుట్టకు! సైటులో ఇట్ల చేస్తే మెటీరియల్ వేస్ట్ అని నన్ను ఇంటికి పంపుతారు.

"గోలీలు వేడి చేస్తయి." "బిడ్డ పెద్దగయితే కాన్పు కష్టమైతది, తక్కువ తిను." "మా అమ్మ తొమ్మిది మందిని కన్నది, ఏ గోలి మింగింది?" ఈ చివరిది మగవాళ్ళు కూడా మీసం తిప్పుతూ అంటరు. అన్నా, బతికినోళ్ళ కథే మనకు తెలుసు, కాన్పులో పోయినోళ్ళు వచ్చి చెప్పరు కదా. 2001-03 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష మంది బిడ్డలు పుడితే 195 మంది తల్లులు చనిపోయేవాళ్ళు. 2018-20 నాటికి తెలంగాణలో 43, ఆంధ్రలో 45. ఈ తగ్గుడు మీసాలతో రాలేదు. దవాఖానలో కాన్పులు, పరీక్షలు, రక్తం ఎక్కించుడు, గోలీలు, ఏఎన్ఎం అక్కలు, ఆశా అక్కలు ఎండలో తిరిగిన తిరుగుడు, వీటన్నిటితో వచ్చింది. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో అందరికీ పోయేంత రక్తమే పోయినా ఆమె తట్టుకోలేదు. ఉన్నోడికి వంద పోతే బాధ, లేనోడికి వంద పోతే పస్తు. నెలలు నిండక ముందే పుట్టుడు, బరువు తక్కువ పుట్టుడు కూడా దీంతో ముడిపడి ఉంటాయి.

"పైసలు పంపుతున్నం కదా, ఇంకేం చెయ్యాలె" అంటరు. పంపుతున్నరు, నిజమే. ఆ పైసలు అత్తమామల చేతికా, ఆమె చేతికా? టిఫాకు పోవాలన్నా, స్కానింగ్‌కు పోవాలన్నా, కిలో మటన్ తెచ్చుకోవాలన్నా ఎవరిని అడగాలె? ఇల్లు కట్టుడు ఏ దశకొచ్చిందని వీడియో కాల్‌లో గోడలు తిప్పి తిప్పి చూపించుకుంటరు. ఆ ఫోన్ పట్టుకున్న మనిషి హిమోగ్లోబిన్ ఎంతో అడిగిండ్రా? పైకప్పు ఎత్తు తెలుసు, ఆమె నంబర్ తెలియదు.

ఇక కాన్పు అయినంక. ఇక్కడ నాకు అన్నిటికంటే కోపం వస్తది. బిడ్డ పుట్టంగనే పండుగ, స్వీట్లు, ఫొటోలు, తల్లిని మాత్రం పథ్యంలో కూసోబెడతరు. పాత బియ్యం అన్నం, కారప్పొడి, ఎల్లిపాయ, నెయ్యి. ఆకుకూర వద్దు, పెరుగు వద్దు, పండ్లు జలుబు, గుడ్డు చీము పడతది, నీళ్ళు ఎక్కువ తాగొద్దు. మామూలు కాన్పులో అర లీటరు రక్తం పోతే దాదాపు 200 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టు. ఆపరేషన్ అయితే సాధారణంగా ఇంకా ఎక్కువే. అంత పోగొట్టుకుని, బిడ్డకు పాలిస్తూ, రాత్రంతా మేల్కొనే మనిషికి కారప్పొడి అన్నమా? ఇక్కడ బర్నబీలో కూడా, బయట మంచు పడుతుంటే, అమ్మమ్మ వీడియో కాల్‌లో పథ్యం నడిపిస్తది. నెయ్యి వెయ్యండి, ఎల్లిపాయ వెయ్యండి, ఎవరు కాదన్నరు? దాని పక్కన పప్పు, గుడ్డు, మాంసం, ఆకుకూర పెట్టండి. గోలి ఆపకండి. బాలింత ఊరికే ఏడుస్తున్నది, బిడ్డను పట్టించుకుంటలేదు అని ఆడిపోసుకునే ముందు ఒకసారి రక్తం పరీక్ష చేయించండి. రక్తం తక్కువున్న బాలింతకు మనసు కూడా కుంగే ప్రమాదం ఉంది.

మొదలు ఆడపిల్ల పుట్టిందని ఏడాది తిరగకముందే మళ్ళీ కడుపు చేసేటోళ్ళకు కూడా ఒక మాట. ఖాళీ అయిన యార్డు నింపకుండానే రెండో టవర్ మొదలుపెడతరా? ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం 24 నెలలు ఆగమంటది.

ఇప్పుడు తిండి గురించి. వాట్సప్‌లో బీట్‌రూట్ రసం, దానిమ్మ అని వస్తుంటయి. ఎర్రగా ఉన్నదల్లా రక్తం కాదు. తినండి, మంచిదే, కానీ 92ని బీట్‌రూట్ పైకి లేపదు. మాంసం, చేపల్లో ఉండే ఇనుము ఒంటికి తొందరగా పడుతుంది. పప్పులు, రాగులు, తోటకూరలో ఉన్నది తక్కువ పడుతుంది, నిమ్మకాయ పిండుకుంటే, టమాట, జామపండు తోడైతే ఎక్కువ పడుతుంది. పప్పుచారు ఇనుప మూకుట్లో కాచినా కొంత లాభమే. కార్జం బలమని రోజూ పెట్టకండి, కడుపుతో ఉన్నప్పుడు అందులోని విటమిన్ ఏ ఎక్కువైతే బిడ్డకు మంచిది కాదు. అన్నిటికంటే పెద్ద దొంగ మన చాయ్. అన్నం తినంగనే చాయ్ తాగితే తిన్న ఇనుము చాలావరకు వృథా. గంటన్నా ఆగి తాగమనండి. మీరు ముందు తాగుతూ ఆమెకు చెప్తే వినదు, మీరూ ఆగండి.

గోలీల సంగతి జాగ్రత్తగా చదవండి. ఇక్కడ కెనడా ఆరోగ్య శాఖ గర్భిణులందరికీ 16 నుంచి 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న ప్రినేటల్ వేసుకోమంటది. అది మామూలుగా ఉన్నోళ్ళకు. రక్తహీనత తేలినోళ్ళకు అది మందు కాదు. చాక్లెట్ లాగ నమిలే గమ్మీ ప్రినేటల్స్ ఉంటయి చూసిండ్రా, వాటిలో చాలావాటిలో ఐరనే ఉండదు. డబ్బా తిప్పి వెనక చదవండి. ఫెర్రస్ ఫ్యూమరేట్ 300 అని ఉంటే అందులో అసలు ఐరన్ దాదాపు 100 మిల్లీగ్రాములు. ఫెర్రస్ గ్లూకోనేట్ 300 అంటే 35. ముందున్న అంకె ఒకటే, లోపలి సరుకు మూడింతలు తేడా. డాక్టర్ ఏది, ఎంత అన్నడో ఫార్మసీలో చూపించి అడగండి. నెల గోలీలకు ఒక పిజ్జా ఖర్చు కూడా కాదు. కాల్షియం గోలి, ఐరన్ గోలి ఒకేసారి వద్దు, రెండు గంటల ఎడం ఉండాలి. వాంతి, మలబద్ధకం వస్తే మానేయడం కాదు, డాక్టర్‌కు చెప్తే రోజు విడిచి రోజు ఇస్తరు, రకం మారుస్తరు.

కొత్తగా బీసీకి వచ్చినోళ్ళకు ఎంఎస్‌పీ వచ్చిన నెల మిగిలిన రోజులు, ఆపైన రెండు నెలలు ఆగినాకనే మొదలవుతుంది. అందుకే దిగిన వారంలోనే అప్లై చెయ్యండి. ఆ మధ్యలో ఇన్సూరెన్స్ కొంటే గర్భం కవర్ అవుతుందా లేదా చదివి కొనండి, చాలావాటిలో కాదు. ఫ్యామిలీ డాక్టర్ దొరకలేదని చేతులు కట్టుకుని కూసోకండి. ఎంఎస్‌పీ ఉంటే మిడ్‌వైఫ్ దగ్గరికి డాక్టర్ చీటీ లేకుండా నేరుగా పోవచ్చు, వాళ్ళే రక్త పరీక్షలు రాస్తరు. 811కు ఎప్పుడైనా ఫోన్ చేసి నర్సుతో మాట్లాడొచ్చు, దుబాసీ కావాలని అడగొచ్చు. రిపోర్టులు హెల్త్ గేట్‌వే యాప్‌లో కనపడతయి. పరీక్ష రోజు సెలవు కావాలంటే నా క్రూ వాళ్ళు నన్ను అడగండి. షిఫ్ట్ మార్చే పూచీ నాది.

బిడ్డకు ఆరో నెల వచ్చినంక తల్లి పాలతోపాటు ఐరన్ ఉన్న తిండి మొదలుపెట్టాలి. మెత్తగా చేసిన మాంసం, గుడ్డు, పప్పు, ఐరన్ కలిపిన సీరియల్. ఏడాది దాటిన పిల్లకు సీసాలకు సీసాలు ఆవుపాలు పట్టి కడుపు నింపుతరు కొందరు. రోజుకు ముప్పావు లీటరు దాటితే ఆ పిల్లకు కూడా రక్తం తగ్గే ప్రమాదం ఉంది.

చివరిగా ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో. ఐరన్ గోలీలు చిన్నపిల్లలకు విషం. ఎర్రగా, మెరుస్తూ చాక్లెట్ లాగ ఉంటయి, కొన్ని మింగితే ప్రాణం పోవచ్చు. మంచం పక్కన, హ్యాండ్‌బ్యాగులో, కిచెన్ గట్టు మీద వద్దు. ఎత్తు అల్మారా, మూత బిగించి. మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించుకుంటూ కూసోకండి, 911 కొట్టండి.

రేపు పొద్దున 6 గంటలకు స్లాబ్ ఉంది. కామెంట్లు సాయంత్రం చూస్తా. రిపోర్టు ఫొటోలు నాకు పంపకండి, డాక్టర్‌కు చూపించండి.